యూనిట్ – 9: పికప్ వాహనం కుదుపులు తగ్గించడం – ప్రత్యామ్నాయ సస్పెన్షన్ ఎంపిక

విషయ క్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 సస్పెన్షన్ భాగాలు – వాటి పనులు
9.3 ఖాళీ బండి ఎక్కువగా ఎందుకు ఎగురుతుంది?
9.4 మార్చడానికి ముందు పరీక్షించవలసినవి
9.5 ప్రత్యామ్నాయాలు
9.6 భద్రత, చట్టం, బిగింపు
9.7 సారాంశం
9.8 మీ అవగాహనను పరిశీలించుకోండి: మాదిరి సమాధానాలు
9.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు
9.10 పదకోశం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• సస్పెన్షన్‌లో స్ప్రింగు పనికి, షాక్ అబ్జార్బర్ పనికి ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• బరువుతో పాటు వాహనపు సహజ పౌనఃపున్యం ఎలా మారుతుందో లెక్కించగలుగుతారు.
• కుదుపుకు అసలు కారణం ఏ భాగమో క్రమపద్ధతిలో గుర్తించగలుగుతారు.
• మోయగల బరువు తగ్గకుండా కుదుపు తగ్గించే ప్రత్యామ్నాయాన్ని ఎన్నుకోగలుగుతారు.

9.1 పరిచయం

మదనపల్లె టమాటా మార్కెట్‌కు తెల్లవారుజామున వచ్చే పికప్ వాహనాలను మీరు చూసి ఉండవచ్చు. నిండా క్రేట్లతో వచ్చిన బండి గతుకుల మీద కూడా నెమ్మదిగా, బరువుగా ఊగుతూ సాగుతుంది. అదే బండి సరుకు దింపి ఖాళీ క్రేట్లతో తిరిగి వెళ్లేటప్పుడు చిన్న గుంతకు కూడా ఎగిరిపడుతుంది. డ్రైవరుకు నడుము నొప్పి, క్యాబిన్‌లో అన్నీ గలగలమని చప్పుడు. రోడ్డు అదే, బండి అదే. మారింది బరువు ఒక్కటే.

ఇటువంటి బండి యజమాని మెకానిక్ దగ్గరికి వెళితే రకరకాల సలహాలు వస్తాయి. ఒకరు షాక్ అబ్జార్బర్లు మార్చమంటారు. మరొకరు వెనుక కమాన్ కట్టలో ఒక పట్టీ తీసేస్తే మెత్తబడుతుందంటారు. ఇంకొకరు గాలి బెలూన్లు వేయించమంటారు. వీటిలో కొన్ని డబ్బు దండగ. కొన్ని ప్రమాదకరం. కొన్ని నిజంగా పనిచేస్తాయి. ఏది ఏ కోవకు చెందుతుందో తేల్చుకోవడానికి కొద్దిపాటి భౌతికశాస్త్రం, ఒక కొలత టేపు చాలు. ఈ యూనిట్‌లో మనం ఆ పని చేద్దాం.

9.2 సస్పెన్షన్ భాగాలు – వాటి పనులు

పికప్ వాహనాలలో వెనుక ఇరుసుకు సాధారణంగా ఆకు స్ప్రింగులు ఉంటాయి. మెకానిక్కులు వీటినే కమాన్ పట్టీలు అంటారు. వీటి చుట్టూ ఉండే ముఖ్య భాగాలను పరిశీలిద్దాం.

అ) స్ప్రింగు: ఇది బరువును మోస్తుంది. ఎంత బరువు పెడితే అంత వంగుతుంది. ఒక మిల్లీమీటరు వంగడానికి కావలసిన బలాన్ని స్ప్రింగు స్థిరాంకం అంటారు. స్థిరాంకం ఎక్కువైతే స్ప్రింగు గట్టిది, తక్కువైతే మెత్తనిది.

ఆ) షాక్ అబ్జార్బర్: ఇది బరువును మోయదు. వంగిన స్ప్రింగు తిరిగి పైకి లేచి పదేపదే ఊగకుండా అడ్డుకుంటుంది. లోపలి పిస్టన్ నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టడం వల్ల ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. ఈ చర్యనే డ్యాంపింగ్ అంటారు.

ఇ) బుష్‌లు, షాకిళ్లు: పట్టీ వంగినప్పుడు దాని పొడవు కొద్దిగా మారుతుంది. ఆ మార్పుకు చోటిచ్చేది షాకిల్. కదిలే చోట లోహం లోహానికి తగలకుండా ఉంచేది బుష్.

ఈ) బంప్ స్టాప్: ఇరుసుకు, ఛాసిస్‌కు మధ్య ఉండే రబ్బరు దిమ్మ. స్ప్రింగు పూర్తిగా వంగినప్పుడు ఇరుసు నేరుగా ఛాసిస్‌ను కొట్టకుండా ఆపుతుంది.

ఉ) టైరు: ఇది కూడా ఒక స్ప్రింగే. చిన్న రాళ్లను, రోడ్డు గరుకుదనాన్ని మొదట మింగేది టైరులోని గాలి.

ఆకు స్ప్రింగుకు ఒక ప్రత్యేక గుణం ఉంది. పట్టీలు ఒకదానిపై ఒకటి జారేటప్పుడు ఘర్షణ పుడుతుంది. ఆ ఘర్షణ ఊపును కొంత ఆపుతుంది కాబట్టి కొంతవరకు మేలే. కాని తుప్పు పట్టి పట్టీలు బిగుసుకుంటే చిన్న గతుకుకు స్ప్రింగు అసలు కదలదు. దెబ్బ నేరుగా ఛాసిస్‌కు చేరుతుంది.

మీ అవగాహనను పరిశీలించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని నోటు పుస్తకంలో రాసి, యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
బరువు వేస్తే బండి వెనుక భాగం మరీ కిందికి దిగిపోతోంది. కొత్త షాక్ అబ్జార్బర్లు వేస్తే ఈ లోపం పోతుందా? ఎందుకు?

9.3 ఖాళీ బండి ఎక్కువగా ఎందుకు ఎగురుతుంది?

స్ప్రింగు మీద ఉన్న బరువును కదిలించి వదిలితే అది సెకనుకు కొన్నిసార్లు ఊగుతుంది. దీన్ని సహజ పౌనఃపున్యం అంటారు. ప్రమాణం హెర్ట్జ్. స్ప్రింగు గట్టిదైతే పౌనఃపున్యం పెరుగుతుంది, దాని మీద బరువు పెరిగితే తగ్గుతుంది. దీన్ని సులభంగా లెక్కించడానికి ఈ సూత్రం ఉపయోగపడుతుంది:

సహజ పౌనఃపున్యం (హెర్ట్జ్‌లలో) = 15.8 ÷ √(స్థిర వంగుదల, మి.మీ.లలో)

స్థిర వంగుదల అంటే బండి కదలకుండా నిలిచి ఉన్నప్పుడు తనపై ఉన్న బరువుకు స్ప్రింగు వంగిన దూరం. బలాన్ని స్ప్రింగు స్థిరాంకంతో భాగిస్తే ఇది వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లెక్క సులభంగా ఉండటానికి ఎంచుకున్న అంకెలివి. ఒక పికప్ ఖాళీగా ఉన్నప్పుడు వెనుక స్ప్రింగులపై 450 కిలోల భారం ఉంది. 1,200 కిలోల టమాటా వేస్తే అందులో 1,100 కిలోలు వెనుక స్ప్రింగులపై పడ్డాయి. అంటే మొత్తం 1,550 కిలోలు. రెండు వైపుల స్ప్రింగుల ఉమ్మడి స్థిరాంకం మి.మీ.కు 150 న్యూటన్లు.

ఖాళీ బండి: 450 × 9.8 = 4,410 న్యూటన్లు. 4,410 ÷ 150 = 29.4 మి.మీ. పౌనఃపున్యం = 15.8 ÷ √29.4 = సుమారు 2.9 హెర్ట్జ్.

నిండు బండి: 1,550 × 9.8 = 15,190 న్యూటన్లు. 15,190 ÷ 150 = సుమారు 101 మి.మీ. పౌనఃపున్యం = 15.8 ÷ √101 = సుమారు 1.6 హెర్ట్జ్.

ప్రయాణికుల కార్లను సాధారణంగా 1 నుంచి 1.5 హెర్ట్జ్ ప్రాంతంలో ఉండేలా రూపొందిస్తారు. నిలువు దిశలో వచ్చే కంపనాలలో 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్యవి కూర్చున్న మనిషి శరీరాన్ని ఎక్కువగా బాధిస్తాయి. మన నిండు బండి కారుకు దగ్గరగా ఉంది. ఖాళీ బండి మాత్రం బాధించే పరిధి వైపు జరిగింది. కాబట్టి ఖాళీ పికప్ కుదుపు తయారీ లోపం కాదు. 1,550 కిలోలు మోయవలసిన స్ప్రింగుపై 450 కిలోలే ఉండటం దానికి కారణం.

ఇక్కడే ఒక ప్రశ్న వేసుకోవాలి. మెత్తదనం ఎవరి కోసం? టమాటా దెబ్బతినకూడదంటే నిండు బండి ప్రయాణం ముఖ్యం. డ్రైవరు నడుము కోసమైతే ఖాళీ ప్రయాణం ముఖ్యం. ఈ రెండింటికీ ఒకే మందు లేదు.

9.3.1 స్ప్రింగు స్థిరాంకాన్ని మీరే కొలవడం

బండిని సమతలంపై నిలిపి, వెనుక ఇరుసుకు, దానికి సరిగ్గా పైన ఉన్న ఛాసిస్‌కు మధ్య దూరాన్ని రెండు వైపులా కొలవండి. నేల నుంచి కొలవకూడదు. అలా చేస్తే టైరు నొక్కుకున్న దూరం కూడా కలుస్తుంది. తరవాత 50 కిలోల బస్తాలు పది, ఇరుసుకు సరిగ్గా పైన ఉండేలా పేర్చండి. పట్టీల మధ్య ఘర్షణ వదలడానికి బండిని రెండు మూడుసార్లు ఊపి, మళ్లీ కొలవండి. దూరం సగటున 33 మి.మీ. తగ్గిందనుకుందాం. బలం 500 × 9.8 = 4,900 న్యూటన్లు. 4,900 ÷ 33 = మి.మీ.కు సుమారు 148 న్యూటన్లు. ఇదే రెండు స్ప్రింగుల ఉమ్మడి స్థిరాంకం.

మీ అవగాహనను పరిశీలించుకోండి – 2
ఒక పికప్‌లో వెనుక స్ప్రింగుల స్థిర వంగుదల ఖాళీగా ఉన్నప్పుడు 36 మి.మీ., నిండుగా ఉన్నప్పుడు 100 మి.మీ. రెండు సందర్భాల్లో సహజ పౌనఃపున్యం ఎంత?

9.4 మార్చడానికి ముందు పరీక్షించవలసినవి

కొత్త భాగాలు కొనడానికి ముందు ఖర్చు తక్కువైన వాటి నుంచి మొదలుపెట్టి ఈ వరుసలో పరీక్షించండి.

1. టైరులో గాలి: చాలా పికప్‌లకు తయారీదారు ఖాళీ బండికి ఒక పీడనం, నిండు బండికి మరొక పీడనం సూచిస్తాడు. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులోనో, యజమాని పుస్తకంలోనో ఇది ఉంటుంది. నిండు బండి గాలితోనే రోజంతా తిరిగితే ఖాళీ ప్రయాణంలో కుదుపు తప్పదు. దీన్ని సరిచేయడానికి ఖర్చు లేదు. కాని బరువు వేసే ముందు మళ్లీ గాలి నింపడం మరవకూడదు. తక్కువ గాలితో బరువు మోస్తే టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.

2. పట్టీలు: తుప్పు, విరిగిన పట్టీ, పక్కకు జరిగిన పట్టీ, తెగిన సెంటర్ బోల్టు ఉన్నాయేమో చూడండి. తుప్పు పట్టిన కట్టను విప్పించి, శుభ్రం చేయించి, గ్రాఫైట్ గ్రీజు రాయిస్తే చిన్న గతుకుల కుదుపు తగ్గుతుంది. పట్టీల మధ్య ప్లాస్టిక్ లేదా రబ్బరు ముక్కలు ఉంటే తయారీదారు సూచన ప్రకారమే చేయాలి.

3. బుష్‌లు, షాకిళ్లు: అరిగిన బుష్ టకటకమని చప్పుడు చేస్తుంది. బిగుసుకుపోయిన షాకిల్ చప్పుడు చేయదు, కాని పట్టీని స్వేచ్ఛగా వంగనివ్వదు.

4. షాక్ అబ్జార్బర్లు: బయట నూనె కారిన జాడ, స్పీడ్ బ్రేకరు దాటాక ఒకటికి రెండుసార్లు ఊగడం, టైరు అంచున అక్కడక్కడ గుంటలుగా అరగడం వీటి బలహీనతకు గుర్తులు.

5. బంప్ స్టాప్: నిండు బండి గుంతలో పడినప్పుడు దబ్బుమని చప్పుడు వస్తే స్ప్రింగు కుంగిపోయిందో, పరిమితికి మించి బరువు వేస్తున్నారో అర్థం చేసుకోవాలి. రబ్బరు పగిలి ఉందేమో చూడాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా గుర్తుంచుకోండి. గుంత దాటాక బండి చాలాసేపు ఊగుతుంటే లోపం షాక్ అబ్జార్బర్‌లో ఉండవచ్చు. ఊగకుండా ఒక్క దెబ్బగా తగులుతుంటే కారణం టైరు గాలి, బిగుసుకున్న పట్టీలు లేదా స్ప్రింగు గట్టిదనం.

9.5 ప్రత్యామ్నాయాలు

9.5.1 షాక్ అబ్జార్బర్లు మాత్రమే మార్చడం

పాతవి బలహీనపడితే మార్చడం తప్పనిసరి. అయితే గట్టి స్ప్రింగు వల్ల వచ్చే దెబ్బను కొత్త షాక్ అబ్జార్బర్ తగ్గించలేదు. బరువు పనికోసమని అమ్మే మరీ గట్టి రకం వేస్తే ఖాళీ బండి కుదుపు ఇంకా పెరగవచ్చు. ఒకే గొట్టం ఉన్న గ్యాస్ రకం గతుకుల రోడ్డుపై ఎక్కువసేపు నడిచినా త్వరగా చల్లబడుతుంది కాబట్టి దాని పనితనం తగ్గదు. రెండు గొట్టాల రకం ధర తక్కువ, మామూలు వాడకానికి సరిపోతుంది. ఏ రకమైనా మీ బండి నమూనాకు సూచించిన పొడవు, బిగింపు ఉన్నదే తీసుకోవాలి.

9.5.2 ఒక పట్టీ తీసివేయడం

ఇది చౌకైన చిట్కా కాబట్టి ఎక్కువగా వినిపిస్తుంది. లెక్క చూద్దాం. ఒకే మందం, ఒకే వెడల్పు ఉన్న ఏడు పట్టీల కట్టలో ఒకటి తీస్తే స్థిరాంకం ఏడో వంతు, అంటే సుమారు 14 శాతం తగ్గుతుంది. పౌనఃపున్యం స్థిరాంకపు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. కాబట్టి మన ఉదాహరణలో అది 2.9 నుంచి 2.7 హెర్ట్జ్‌కు మాత్రమే దిగుతుంది. డ్రైవరుకు పెద్దగా తేడా తెలియదు.

మరి నష్టం? అదే బరువును ఇప్పుడు ఆరు పట్టీలు మోయాలి. ఒక్కో పట్టీపై ప్రతిబలం ఆరో వంతు, అంటే సుమారు 17 శాతం పెరుగుతుంది. పదేపదే వంగే ఉక్కులో ప్రతిబలం కొద్దిగా పెరిగినా ఆయుష్షు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తగ్గుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. నిండు బండితో ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ప్రధాన పట్టీ విరిగితే ఇరుసు పక్కకు తిరుగుతుంది. 0.2 హెర్ట్జ్ కోసం ఇంత ప్రమాదం కొనితెచ్చుకోకూడదు.

9.5.3 మొత్తంగా మెత్తని స్ప్రింగు

ఖాళీ బండిని 2 హెర్ట్జ్‌కు తేవాలంటే స్థిరాంకం మి.మీ.కు 71 న్యూటన్లకు దిగాలి. అప్పుడు 1,100 కిలోల సరుకు వేస్తే బండి ఇంకా 152 మి.మీ. కిందికి దిగుతుంది. పాత స్ప్రింగుతో 72 మి.మీ. మాత్రమే దిగేది. ఖాళీ స్థితిలో బంప్ స్టాప్‌కు ఉన్న ఖాళీ 100 మి.మీ. అనుకుంటే సరుకు పూర్తిగా వేయకముందే ఇరుసు రబ్బరుకు తగులుతుంది. ఆపైన అసలు స్ప్రింగే లేనట్టు లెక్క. టమాటాకు జరిగే నష్టం ముందుకన్నా ఎక్కువ. బండిని సరుకుకు కాకుండా సొంత ప్రయాణాలకే వాడేవారికి తప్ప ఇది పనికిరాదు.

9.5.4 రెండంచెల స్ప్రింగు

ఇందులో మెత్తని ప్రధాన కట్ట, దాని పైనో కిందో హెల్పర్ పట్టీలు ఉంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు ప్రధాన కట్ట ఒక్కటే పనిచేస్తుంది. బరువు పెరిగి కొంత దిగాక హెల్పర్ పట్టీలు కూడా తగిలి బరువు పంచుకుంటాయి.

మన ఉదాహరణలో ప్రధాన కట్ట స్థిరాంకం 80, హెల్పర్‌ది 120 న్యూటన్లు, హెల్పర్ తగలడానికి ఖాళీ 40 మి.మీ. అనుకుందాం. ఖాళీ బండి పౌనఃపున్యం 2.9 నుంచి సుమారు 2.1 హెర్ట్జ్‌కు తగ్గుతుంది. పూర్తి సరుకు వేస్తే మొదటి 40 మి.మీ.లో 3,200 న్యూటన్లు, మిగిలిన 7,580 న్యూటన్లకు మరో 38 మి.మీ. దిగుతుంది. మొత్తం 78 మి.మీ. బంప్ స్టాప్‌కు ఇంకా 22 మి.మీ. మిగిలే ఉంది. నిండు బండి పౌనఃపున్యం మాత్రం 1.6 నుంచి 1.8కి కొద్దిగా పెరిగింది. డ్రైవరుకు లాభం ఎక్కువ, సరుకుకు నష్టం స్వల్పం. చాలా పికప్‌లకు కంపెనీయే ఇటువంటి అమరిక ఇస్తుంది. మీ బండికి ఇప్పటికే ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే, ఖాళీగా ఉన్నప్పుడు కూడా హెల్పర్ పట్టీలు తగిలే ఉన్నాయంటే ప్రధాన కట్ట కుంగిందని అర్థం. అది మారిస్తే చాలు.

9.5.5 పారబోలిక్ పట్టీలు

ఈ పట్టీలు మధ్యలో మందంగా, చివరలకు పోను పోను పలచగా ఉంటాయి. ఒకటి నుంచి మూడు నాలుగు పట్టీలే చాలు. అవి మధ్యలో, చివరల్లో తప్ప ఒకదానినొకటి తాకవు. ఘర్షణ తక్కువ కాబట్టి చిన్న గతుకులకు కూడా స్ప్రింగు కదులుతుంది. ఖాళీ బండికీ, నిండు బండికీ ఇది మేలే. ఘర్షణ ఇచ్చే డ్యాంపింగ్ పోతుంది కనుక షాక్ అబ్జార్బర్లు మంచి స్థితిలో ఉండి తీరాలి. మీ బండి బరువుకు తగినట్టు తయారైన కట్ట దొరికితేనే ఇది తీసుకోవాలి.

9.5.6 గాలి బెలూన్లు

ఇరుసుకు, ఛాసిస్‌కు మధ్య బిగించే రబ్బరు బెలూన్లు ఇవి. బరువు ఉన్నప్పుడు గాలి నింపితే వెనుక భాగం కుంగకుండా నిలబెడతాయి. అయితే ఇవి ఉన్న స్ప్రింగుకు తోడుగా నిలుస్తాయే గాని దాన్ని మెత్తబరచవు. ఖాళీ బండి కుదుపుకు ఇవి మందు కావు. వీటిని నమ్ముకొని పరిమితికి మించి బరువు వేయడం మరీ పొరపాటు. ఇరుసు, బ్రేకులు, టైర్ల సామర్థ్యం పెరగదు.

మీ అవగాహనను పరిశీలించుకోండి – 3
ఖాళీ ప్రయాణంలో కుదుపు తగ్గించడానికి ఒక పట్టీ తీసివేయడం కన్నా రెండంచెల స్ప్రింగు ఎందుకు మేలు?

9.6 భద్రత, చట్టం, బిగింపు

• మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. తయారీదారు సూచించిన కొలతలున్న భాగాన్ని అదే కొలతలున్న కొత్త భాగంతో మార్చడం సురక్షితమైన దారి. వేరే రకం వేయదలిస్తే ముందుగా తయారీదారు సేవా కేంద్రంలోనూ, రవాణా కార్యాలయంలోనూ విచారించండి.
• గట్టి స్ప్రింగు వేసినంత మాత్రాన ధ్రువపత్రంలోని స్థూల బరువు పెరగదు. దానికి మించి సరుకు వేయడం అదే చట్టంలోని 113వ సెక్షనుకు విరుద్ధం.
• కొన్ని పికప్‌లలో వెనుక ఇరుసుకు కలిపిన ఒక కడ్డీ, బండి ఎంత కుంగిందో బట్టి వెనుక బ్రేకుల పీడనాన్ని నియంత్రిస్తుంది. స్ప్రింగు మార్చి ఎత్తు మారితే ఈ వాల్వును తిరిగి సరిచేయించాలి. లేకపోతే వెనుక చక్రాలకు బ్రేకు చాలకపోవచ్చు, లేదా అవి ముందుగా బిగుసుకోవచ్చు. హెడ్‌లైట్ల కోణం కూడా చూడాలి.
• ఒకే ఇరుసుపై స్ప్రింగులను, షాక్ అబ్జార్బర్లను జతగా మార్చాలి.
• విప్పిన యూ బోల్టులను మళ్లీ వాడకుండా కొత్తవి వేయాలి. కొద్ది రోజులు నడిపాక మళ్లీ బిగింపు సరిచూడాలి.
• రబ్బరు బుష్‌ల బోల్టులను బండి చక్రాలపై నిలిచాకే చివరిగా బిగించాలి. జాకీపై వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండి త్వరగా చిరిగిపోతుంది.

9.7 సారాంశం

పికప్ స్ప్రింగు పూర్తి బరువును మోయడానికి తయారైనది. అందుకే ఖాళీగా ఉన్నప్పుడు పౌనఃపున్యం పెరిగి కుదుపు ఎక్కువవుతుంది. స్ప్రింగు బరువు మోస్తుంది, షాక్ అబ్జార్బర్ ఊపును ఆపుతుంది. ఒకదాని లోపాన్ని మరొకటి తీర్చలేదు. మార్చే ముందు టైరు గాలి, పట్టీల తుప్పు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, బంప్ స్టాప్ వరుసగా చూడాలి. ఆ తరవాత కూడా కుదుపు ఉంటే బండి ఎక్కువగా ఖాళీగా తిరుగుతుందా, నిండుగా తిరుగుతుందా అని చూసి రెండంచెల స్ప్రింగునో, పారబోలిక్ పట్టీలనో ఎన్నుకోవాలి. పట్టీ తీసివేయడం వల్ల వచ్చే మెత్తదనం స్వల్పం, ప్రమాదం పెద్దది. బరువు మోసే శక్తిని తగ్గించి కొనుక్కున్న సుఖం నిండు బండితో వెళ్లే మొదటి గుంతలోనే పోతుంది.

9.8 మీ అవగాహనను పరిశీలించుకోండి: మాదిరి సమాధానాలు

1. పోదు. షాక్ అబ్జార్బర్ బరువును మోయదు, ఊపును మాత్రమే ఆపుతుంది. బండి కుంగడానికి కారణం స్ప్రింగు బలహీనపడటమో, అధిక బరువో.
2. ఖాళీగా ఉన్నప్పుడు 15.8 ÷ 6 = సుమారు 2.6 హెర్ట్జ్. నిండుగా ఉన్నప్పుడు 15.8 ÷ 10 = సుమారు 1.6 హెర్ట్జ్.
3. పట్టీ తీస్తే పౌనఃపున్యం కొద్దిగానే తగ్గుతుంది, మిగిలిన పట్టీలపై ప్రతిబలం పెరుగుతుంది. రెండంచెల స్ప్రింగులో ఖాళీ బండికి మెత్తని కట్ట పనిచేస్తుంది, బరువు వేసినప్పుడు హెల్పర్ పట్టీలు తోడై మోసే శక్తిని నిలుపుతాయి.

9.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. ఖాళీ పికప్ వాహనం నిండు వాహనం కన్నా ఎక్కువగా కుదపడానికి కారణాన్ని లెక్కతో సహా వివరించండి.
2. సస్పెన్షన్ మార్చడానికి ముందు చేయవలసిన పరీక్షలను వరుసగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. పారబోలిక్ పట్టీల లాభాలను, పరిమితులను తెలపండి.
2. స్ప్రింగు స్థిరాంకాన్ని కొలిచే పద్ధతిని వివరించండి.
3. స్ప్రింగు మార్చాక బ్రేకుల వాల్వును ఎందుకు సరిచేయించాలి?

9.10 పదకోశం

స్ప్రింగు స్థిరాంకం: స్ప్రింగు ఒక మి.మీ. వంగడానికి కావలసిన బలం.
స్థిర వంగుదల: నిలిచి ఉన్న వాహనపు బరువుకు స్ప్రింగు వంగిన దూరం.
సహజ పౌనఃపున్యం: కదిలించి వదిలినప్పుడు సెకనుకు జరిగే ఊపుల సంఖ్య.
డ్యాంపింగ్: ఊపులోని శక్తిని వేడిగా మార్చి ఊపును తగ్గించే చర్య.
ప్రతిబలం: బాహ్యబలానికి ఎదురుగా పదార్థంలో ఏకాంక వైశాల్యంపై ఏర్పడే బలం.
లోహపు అలసట: పదేపదే వంగడం వల్ల లోహం బలహీనపడి విరగడం.